సౌత్ బెండ్ శనివారాలు, రూడీ, మా తమ్ముడు

సౌత్ బెండ్‌లో శనివారం అంటే ఫుట్‌బాలే. మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్ళని గుద్దుకుంటూ పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చేయడానికి 1991లో ఇండియానా రాష్ట్రంలోని ఆ ఊరికి, నోటర్‌డేమ్ యూనివర్సిటీకి వెళ్ళాను. అప్పటికి ఆ ఆట గురించి నాకు ఒక్క ముక్క తెలియదు. మ్యాచ్ ఉన్న వారం శుక్రవారం మధ్యాహ్నానికే ఊరి మొహం మారిపోయేది. చికాగో నుంచి, ఒహాయో నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో పాత విద్యార్థులు పెళ్ళాం పిల్లలతో దిగిపోయేవాళ్ళు. పార్కింగ్ స్థలాల్లో కార్ల డిక్కీలు తెరిచి, బొగ్గు కుంపట్లు వెలిగించి పొద్దున్నుంచే వంటలు. బ్యాండు వాయించుకుంటూ వెళ్తుంటే తాతలూ మనవలూ ఒకే పాట పాడేవాళ్ళు. క్యాంపస్ నడిబొడ్డున బంగారు గోపురం, లైబ్రరీ గోడ మీద చేతులెత్తి నిలబడ్డ ఏసుక్రీస్తు పెద్ద బొమ్మ. ఫుట్‌బాల్‌లో పాయింట్లు వచ్చినప్పుడు రిఫరీ కూడా అలాగే చేతులెత్తుతాడు కాబట్టి ఆ బొమ్మని అందరూ 'టచ్‌డౌన్ జీసస్' అని ముద్దుగా పిలుస్తారు.

అక్కడ నా మనసుకి బాగా పట్టేసినది మాత్రం హెల్మెట్లకి రంగు వేయడం. ఆ రోజుల్లో ప్రతి ఆటకీ ముందు ఆటగాళ్ళ హెల్మెట్లకి కొత్తగా బంగారు రంగు కొట్టడం స్టూడెంట్ మేనేజర్ల పని. ఆ రంగులో నిజమైన బంగారు రజను కలిపేవాళ్ళు. మా ల్యాబ్‌లో పనిచేసే ఒక కుర్రాడికి ఆ మేనేజర్లలో స్నేహితులుండటంతో ఒక రాత్రి నన్నూ తీసుకెళ్ళాడు. వరసగా పేర్చిన హెల్మెట్లు, ముక్కు అదిరిపోయే థిన్నర్ వాసన, మూతులకి గుడ్డలు కట్టుకుని ఒక్కొక్క హెల్మెట్టూ తిప్పి తిప్పి చూసుకుంటూ రంగు కొడుతున్న పిల్లలు. పొద్దున్న స్టేడియంలో ఆ హెల్మెట్లు ఎండకి ధగధగలాడేవి. ఆ పిల్లల పేర్లు ఏ పేపర్లోనూ వచ్చేవి కావు. ఇంజనీరింగ్ చదువుతూ, పరీక్షలు పెట్టుకుని, రాత్రంతా ఆ పని చేసేవాళ్ళు. ఎందుకు అని అడిగితే, అందులో అడగడానికేముంది అన్నట్టు చూశారు.

రూడీ పేరు నేను మొదటిసారి విన్నది 1992 నవంబర్ 7న. ఆ రోజు బోస్టన్ కాలేజ్‌తో ఆట. రిక్ మైరర్, జెరోమ్ బెటిస్ లాంటి పేరున్న ఆటగాళ్ళున్న జట్టు మాది. చివరికి 54–7తో గెలిచాం. హాఫ్‌టైమ్‌లో రెండు జట్లూ లోపలికి వెళ్ళాక, పాతకాలం యూనిఫాంలు వేసుకున్న ఇంకో రెండు జట్లు మైదానంలోకి వచ్చాయి. వెనకే కెమెరాలు. సినిమా తీస్తున్నారట, అందరూ సీట్లలోనే ఉండి 'రూడీ, రూడీ' అని అరవాలట. దాదాపు అరవై వేలమంది ఒక్కసారి అరిచారు, నేనూ అరిచాను. ఎవరి పేరు అరుస్తున్నానో నాకు తెలియదు. పక్క సీట్లో ఉన్న పెద్దాయన్ని అడిగాను. ఆయన నా వైపు తిరిగి, ఎంతో ఇష్టంగా, ఆ కథంతా చెప్పడం మొదలుపెట్టాడు. రెండో సగం ఆట మొదలైనా ఆపలేదు.

తర్వాత క్యాంపస్ పేపర్లో రూడీ గురించి వచ్చిన ప్రతి ముక్కా వెతికి చదివాను. రూడీ పూర్తి పేరు డేనియల్ యూజీన్ రూటిగర్. 1948 ఆగస్టు 23న పుట్టాడు. ఊరు ఇల్లినాయ్‌లోని జోలియెట్, చికాగోకి నైరుతి దిక్కున ఉన్న కార్మికుల పట్టణం. పధ్నాలుగు మంది పిల్లల్లో మూడోవాడు. ఐరిష్ కథోలిక్ కుటుంబాలు నోటర్‌డేమ్‌ని ఎలా ఆరాధిస్తాయో, ఇతర కథోలిక్ కార్మిక కుటుంబాలూ అలాగే ఆరాధించిన కాలం అది. హైస్కూల్లో జోలియెట్ కాథలిక్ జట్టుకి ఆడాడు. అయిదడుగుల ఆరంగుళాల మనిషి, బరువు 75 కిలోలు. చదువులో బాగా వెనకబడ్డాడు. బడి అయ్యాక నేవీలో చేరాడు, తిరిగొచ్చి కామన్వెల్త్ ఎడిసన్ కంపెనీ వాళ్ళ పవర్ ప్లాంటులో పనికి కుదిరాడు. రెండేళ్ళు అక్కడ చేశాక, అప్పుడు బయల్దేరాడు చదువుకోవడానికి.

పవర్ ప్లాంటు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా నాన్న పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ స్టేషన్లో బాయిలర్ సెక్షన్లో పనిచేశారు. నేను పెరిగింది కేటీపీఎస్ క్వార్టర్స్‌లో. ఎ షిఫ్ట్, బి షిఫ్ట్, సి షిఫ్ట్ – మా ఇంట్లో పండగలు, పెళ్ళిళ్ళు, సినిమాలు అన్నీ వీటి చుట్టూనే తిరిగేవి. సి షిఫ్ట్ నుంచి నాన్న వచ్చేసరికి మేం బడికి బయల్దేరుతుండేవాళ్ళం. ఆరేసిన బట్టల మీద బూడిద పడేది, అమ్మ దులిపి మళ్ళీ ఆరేసేది. ప్లాంటులో పనిచేసే మనిషి ఆ గేటు దాటి ఇంకో జీవితంలోకి వెళ్ళడం ఎంత కష్టమో నాకు తెలుసు. కష్టం జీతం వల్ల రాదు. జీతం బాగానే ఉంటుంది. ఉన్నదాన్ని వదులుకోమని చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు, ఉండమని చెప్పేవాళ్ళే అందరూ. రూడీ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆ గేటు దాటాడు. తనతో పనిచేసిన ఒక మిత్రుడి చావు ఆయన్ని కదిలించిందట. సినిమాలో ఆ ప్లాంటుని స్టీలు మిల్లుగా మార్చారు. తెర మీద మంటలు బాగుంటాయని కాబోలు. నాకు మాత్రం పవర్ ప్లాంటుగానే ఉంటే బాగుండేది.

నోటర్‌డేమ్ ఆయన్ని తీసుకోలేదు. మార్కులు లేవు. 1972లో రోడ్డుకి అవతలి పక్కనున్న హోలీ క్రాస్ జూనియర్ కాలేజీలో చేరాడు. అక్కడ ఉండగానే తేలింది, ఆయనకి డిస్లెక్సియా ఉందని. అప్పటిదాకా తను మందమతిననే అనుకున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళూ అదే అనుకున్నారు. కారణం తెలిశాక చదివే పద్ధతి మార్చుకుని మార్కులు తెచ్చుకున్నాడు. నోటర్‌డేమ్‌కి పెట్టిన దరఖాస్తులు మూడుసార్లు తిరిగొచ్చాయి. నాలుగోసారి, 1974లో, సీటు వచ్చింది. అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్ళు. తోటి విద్యార్థులు చాలామంది పద్దెనిమిది, ఇరవై మధ్యలోవాళ్ళు.

డిస్లెక్సియా అనే మాట నేను చదివింది కూడా ఆ క్యాంపస్ పేపర్లోనే. వెంటనే లైబ్రరీకి వెళ్ళి దాని గురించి ఏముంటే అది తీసి చూశాను. తెలివితేటలకీ దీనికీ సంబంధం లేదని, అక్షరాన్ని శబ్దంతో కలిపే దగ్గర మెదడు పనిచేసే తీరులో తేడా అని, కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుందని ఉంది. చదువుతుంటే నాకు మా తమ్ముడే కళ్ళముందు కనిపించాడు.

మా తమ్ముడు నాకంటే నాలుగేళ్ళు చిన్న. మాటల్లో చురుకు. ఒకసారి విన్న పాట మర్చిపోడు, ఒకసారి వెళ్ళిన దారి మర్చిపోడు. పుస్తకం తెరిస్తే మాత్రం వాడికి చెమటలు పట్టేవి. 'మ'కీ 'య'కీ తేడా తెలిసేది కాదు. 'ప' రాయమంటే 'ష' రాసేవాడు, 'ఘ' రాయమంటే 'ఝ' రాసేవాడు. గుణింతం నోటితో తప్పులేకుండా చెప్పేవాడు, పలక మీదకి వచ్చేసరికి కొమ్ములు, వత్తులు ఒకదాని మీద ఒకటి పడిపోయేవి. బళ్ళో వాడిని బెంచీ ఎక్కించేవాళ్ళు, స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవాళ్ళు. ఇంట్లో నాన్న కొట్టలేదు గానీ, 'వీడికి చదువు అబ్బదు' అని ఒక మాట అనేసి ఊరుకున్నారు. ఆ ఊళ్ళో, ఆ రోజుల్లో ఇంకో మాట చెప్పేవాళ్ళు లేరు. పదో తరగతి తప్పాక కొత్తగూడెంలో ఒక మోటారు వైండింగ్ షాపులో పనికి కుదిరాడు.

అమెరికా వెళ్ళాక నేను ఇంటికి ఉత్తరాలు రాసేవాణ్ణి. అమ్మ చదివి వినిపిస్తే వాడు వినేవాడు. వాడితో నాకు విడిగా మాట్లాడాలని ఉండేది. ఫోన్ కాల్ అంటే అప్పట్లో నిమిషానికి బోలెడు డబ్బులు. అందుకని క్యాసెట్లలో మాట్లాడి, అటు వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాణ్ణి. వాడూ అలాగే రికార్డు చేసి పంపేవాడు. వెనకాల షాపులో సుత్తి దెబ్బలు, ఎవరో 'ఏయ్, టీ వచ్చింది' అని కేకెయ్యడం, మధ్యలో వాడి మాటలు. రూడీ కథని వాడికి నేను క్యాసెట్‌లోనే చెప్పాను. ఒక వైపు మొత్తం అదే.

వాడికి అన్నిటికంటే ముందు చెప్పవలసి వచ్చింది వాక్-ఆన్ అంటే ఏంటో. అక్కడ కాలేజీ జట్లలో ముఖ్యమైన ఆటగాళ్ళని హైస్కూల్లో ఉండగానే వెతికి పట్టుకుని, ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కాలేజీయే భరించి తెచ్చుకుంటుంది. అలా ఎవరూ పిలవకపోయినా, సొంత ఖర్చుతో చదువుకుంటూ, తనంతట తనే వెళ్ళి నన్ను తీసుకుంటారా అని ట్రయల్స్‌లో నిలబడేవాడు వాక్-ఆన్. రూడీ వెళ్ళి నిలబడింది మామూలు జట్టు ముందు కాదు. 1973లో నేషనల్ ఛాంపియన్ అయిన జట్టది. కోచ్ ఆరా పార్సీగియన్ అంటే ఆ ఊళ్ళో దేవుడి తర్వాత దేవుడు. అంత జట్టులోనూ వాక్-ఆన్‌లకి తలుపు తెరిచి ఉంచే పద్ధతి నోటర్‌డేమ్‌లో ఉంది. రూడీని స్కౌట్ టీమ్‌లోకి తీసుకున్నారు.

ఈ స్కౌట్ టీమ్ దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటాను, సినిమా తొందరగా దాటేసినా సరే. వచ్చే శనివారం ఎదురయ్యే జట్టు ఎలా ఆడుతుందో, వారమంతా ప్రాక్టీసులో అచ్చం అలాగే ఆడి చూపించడం వీళ్ళ పని. కోచ్ అట్ట ముక్క మీద గీసిన బొమ్మ ఎత్తి చూపిస్తాడు. ఆ బొమ్మ ప్రకారం నిలబడాలి, ఆ బొమ్మ ప్రకారం పరిగెత్తాలి. ఎదురుగా ఉండేది దేశంలో అందరికంటే బలమైన కుర్రాళ్ళు, వంద కిలోలు దాటినవాళ్ళు. వాళ్ళు పూర్తి బలంతో గుద్దుతారు, గుద్దించుకోవాలి. పడితే లేచి, మళ్ళీ అదే చోట నిలబడాలి. వీళ్ళు ఎంత గట్టిగా ఆడితే అసలు జట్టు శనివారం అంత బాగా ఆడుతుంది. గెలిస్తే పేరు అసలు జట్టుది. వీళ్ళలో చాలామందికి మ్యాచ్ రోజు యూనిఫాం వేసుకుని గీత పక్కన నిలబడే అవకాశం కూడా రాదు. స్టాండ్స్‌లో కూర్చుని చూడాలి, తాము సోమవారం నుంచి ఒళ్ళు హూనం చేసుకుని నేర్పిన ఆటని.

రూడీ రెండు సీజన్లు ఆ పని చేశాడు. ఒక్క రోజు కూడా తగ్గించి ఆడలేదని, ప్రాక్టీసు అయిపోతున్నా మొదటి నిమిషంలో ఉన్నంత ఊపుతోనే మీదికొచ్చేవాడని అందరూ చెప్పే మాట. ఎవరూ చూడని మైదానంలో, ఫలితం తనది కాదని తెలిసి, ఆ చలిలో. నవంబర్‌లో మిచిగన్ సరస్సు మీది నుంచి వచ్చే గాలి ఎలా ఉంటుందో నాకు తెలుసు, కళ్ళల్లోంచి నీళ్ళు కారతాయి. చలికాలంలో విద్యార్థులకి బెంగాల్ బౌట్స్ అనే బాక్సింగ్ పోటీలుంటాయి. బంగ్లాదేశ్‌లోని హోలీ క్రాస్ మిషన్ల కోసం విరాళాలు పోగుచేసే పోటీలవి. పోస్టర్ మీద బెంగాల్ అన్న పేరు చూసి నేను మొదట్లో ఆశ్చర్యపోయాను. రూడీ అందులోనూ దిగాడు.

1974 సీజన్ తర్వాత పార్సీగియన్ తప్పుకున్నాడు. కొత్త కోచ్ డాన్ డివైన్ వచ్చాడు. 1975 నవంబర్ 8, సొంత మైదానంలో ఆ ఏడాదికి ఆఖరి ఆట, జార్జియా టెక్‌తో. ఆ రోజు రూడీకి 45వ నంబరు జెర్సీ ఇచ్చారు. నోటర్‌డేమ్ 24–3తో గెలవబోతోంది. ఆట అయిపోవడానికి క్షణాలున్నాయనగా మైదానంలోకి పంపారు. మొదట ఒక కిక్-ఆఫ్, అంటే బంతిని అవతలి జట్టు వైపు తన్నడం. తర్వాత, వరసకి చివర నిలబడి అవతలివాళ్ళని ఆపే డిఫెన్సివ్ ఎండ్ స్థానంలో రెండే రెండు సార్లు బంతి ఆట. మొదటిసారి ప్రత్యర్థి విసిరిన బంతి ఎవరికీ చిక్కలేదు. రెండోసారి, ఆట ఆఖరి క్షణంలో, రూడీ లోపలికి దూసుకెళ్ళి జార్జియా టెక్ క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరే ఆటగాడిని, బంతితో సహా కింద పడేశాడు. అంతే, ఆట అయిపోయింది. జట్టువాళ్ళు భుజాల మీద ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళారు. మొత్తం కలిపితే అర నిమిషం కూడా ఉండదు.

సినిమా 1993 అక్టోబర్‌లో విడుదలైంది. సౌత్ బెండ్‌లో ఆ సినిమా చూడటం ఒక పండగ. తెర మీద మన వీధి, మన చెరువు, మనం రోజూ నడిచే కాలిబాట. హాలంతా ఏడుస్తోంది, నవ్వుతోంది, అరుస్తోంది. షాన్ ఆస్టిన్ రూడీగా ప్రాణం పెట్టాడు. చివర్లో స్టాండ్స్‌లో తండ్రి పాత్రధారి వెనక అసలు రూడీ కూడా ఒక్క క్షణం కనిపిస్తాడు. సినిమాలో చాలా సంగతులు కల్పించినవే. జట్టువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కోచ్ బల్ల మీద జెర్సీలు పెట్టి, నా బదులు రూడీని ఆడించండి అనే సన్నివేశం జరగనే లేదు. సినిమాలో చూపించినట్టు డివైన్ రూడీకి అడ్డుపడలేదు. రూడీ కథ తెరకెక్కడానికి పనికొస్తుందని తనని చెడ్డవాడిగా చూపించడానికి ఒప్పుకున్నాడు. అది ఎంత పెద్ద మనసో! ఆ జట్టులోనే ఉన్న జో మోంటానా, తర్వాత అంతటి పెద్ద ఆటగాడైనవాడు, జనం సినిమాలో చూపించినట్టు అరవలేదని చెప్పాడు. నాకు ఈ తేడాలు ఇబ్బందిగా అనిపించవు. జెర్సీలు బల్ల మీద పెట్టినా పెట్టకపోయినా, ఆ రెండు సీజన్ల దెబ్బలు నిజం, నాలుగు దరఖాస్తులు నిజం.

ఆ సినిమా దానంతటదే రాలేదు. చదువు అయ్యాక రూడీ ఇన్సూరెన్స్ అమ్మాడు, కార్లు అమ్మాడు, ఏళ్ళ తరబడి కనిపించినవాళ్ళందరికీ ఇది సినిమా అవుతుందని చెప్పాడు. నవ్వినవాళ్ళే ఎక్కువ. 'హూసియర్స్' తీసిన దర్శకుడు డేవిడ్ ఆన్స్‌పా, రచయిత ఏంజెలో పిజ్జో దగ్గరికి చేరేసరికి పదేళ్ళు దాటింది. పిజ్జోది ఇండియానా యూనివర్సిటీ, నోటర్‌డేమ్ అంటే పడేది కాదు. భోజనానికి కలుద్దామని చెప్పి రాలేదట. రూడీ ఆ వీధిలో కనిపించిన పోస్ట్‌మ్యాన్‌ని పట్టుకుని, ఆయన ఇల్లు కనుక్కుని, వెళ్ళి తలుపు కొట్టాడు. ఈ సంగతి రూడీయే చెప్పుకునేవాడు. క్యాసెట్‌లో ఇది విని మా తమ్ముడు ఎంత సంబరపడ్డాడో, తిరిగి పంపిన దానిలో వాడి నవ్వే వినిపించింది చాలాసేపు. 'పోస్ట్‌మ్యాన్ భలేవాడన్నయ్యా' అన్నాడు.

సినిమా తర్వాత రూడీ వక్త అయ్యాడు, రచయిత అయ్యాడు. పిల్లల కోసం, పెద్దల కోసం ధైర్యం చెప్పే చిన్న చిన్న పుస్తకాలు తెచ్చాడు. నిజం చెప్పాలంటే వాటిలో కొన్ని నాకు అంతగా పట్టలేదు, ఉపన్యాసాన్ని కాగితం మీద పెట్టినట్టున్నాయి. అయినా కొని దాచుకున్నాను. అక్షరాలు చూస్తే బెదిరిపోయిన ఒక పిల్లవాడి పేరు పుస్తకం అట్ట మీద ఉండటమే నాకు చాలు.

మధ్యలో మనసు కష్టపడే సంగతి ఒకటి జరిగింది. ఆయన పేరు మీద ఒక స్పోర్ట్స్ డ్రింక్ కంపెనీ వచ్చింది. షేర్ల ధర లేనిది ఉన్నట్టు పెంచి అమ్మారని షేర్ల వ్యాపారాన్ని అదుపు చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎస్ఈసీ 2011లో కేసు పెట్టింది. ఆరోపణలని ఒప్పుకోకుండా, కాదనకుండా, 3,82,866 డాలర్లు కట్టి ఆయన కేసు ముగించుకున్నాడు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆయన్ని వెనకేసుకురాను. నమ్మి డబ్బు పెట్టినవాళ్ళలో ఆ పేరు చూసి పెట్టినవాళ్ళు ఉంటారు కదా. అలాగని 1974 నుంచి 75 దాకా ఆ మైదానంలో పడి లేచిన కుర్రాడిని ఆ వార్త చెరిపేయలేదు నాలో. రెండూ ఒకే మనిషి జీవితంలోవే.

2012లో ఆయన ఆత్మకథ వచ్చింది, 'రూడీ: మై స్టోరీ'. మార్క్ డాగస్టినో అనే రచయితతో కలిసి రాశాడు. ఆయన పుస్తకాలన్నిటిలో నాకు దగ్గరైంది ఇదే. మైదానం కంటే ముందు సంగతులు ఇందులో తీరిగ్గా ఉన్నాయి. ఇల్లు నిండా పిల్లలు, బడిలో అక్షరం మీద అక్షరం కదలని పేజీ, తను చదవలేడని ఎవరికీ తెలియకుండా ఉండటానికి పడ్డ తిప్పలు. మా తమ్ముడు చెప్పినట్టే ఉంది. వాడు కూడా క్లాసులో తన వంతు వచ్చేలోపు పక్కవాడు చదివింది విని కంఠతా పట్టి, పుస్తకంలో చూసి చదువుతున్నట్టు అప్పజెప్పేవాడు.

ఉద్యోగం వచ్చాక నేను చికాగో దక్షిణ శివార్లలో స్థిరపడ్డాను. లెమాంట్‌లో రాముడి గుడికి వెళ్ళినప్పుడల్లా కారు జోలియెట్ వైపు తిప్పడం అలవాటైంది. డెస్ ప్లెయిన్స్ నది ఒడ్డున పవర్ స్టేషన్ పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి. మా నాన్న అమెరికా వచ్చినప్పుడు అక్కడికే తీసుకెళ్ళాను. గేటు బయట నిలబడి, బొగ్గు ఎటు నుంచి వస్తుంది, నీళ్ళు ఎటు నుంచి తీసుకుంటారు, బూడిద ఎక్కడ వదులుతారు అని ఒక్కొక్కటే వేలితో చూపించి నాకే వివరించారు. రూడీ సంగతి చెప్పాను, అక్షరాలు కలగాపులగమయ్యే జబ్బు కాని జబ్బు ఒకటుందని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు పొగగొట్టాల వైపే చూసి, 'మనవాడికీ అదేనంటావా?' అన్నారు. అవునన్నాను. ఆ రాత్రే ఫోన్ చేయించుకుని తమ్ముడితో మాట్లాడారు. ఏం మాట్లాడారో నేను వినలేదు, పక్క గదిలోకి వెళ్ళిపోయాను. 2016లో ఆ స్టేషన్‌లో బొగ్గు ఆపేసి గ్యాస్‌కి మార్చారు. అప్పటికి నాన్న లేరు.

తమ్ముడికి ఇప్పుడు పాల్వంచలో సొంత వైండింగ్ షాపు ఉంది. సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఎక్కువ వస్తాయి. మోటారులో తిరగని భాగమైన స్టేటర్‌లోంచి కాలిపోయిన తీగ లాగేసి, గాడులు శుభ్రం చేసి, కరెంటు పాకకుండా లెదరాయిడ్ పేపర్ పెట్టి, కొత్త రాగి తీగ చుట్టలు దించుతాడు. ఏ కాయిల్ చివర ఏ కాయిల్‌కి కలవాలో కాగితం మీద రాసుకోడు. ఒకసారి విప్పేటప్పుడు చూస్తే చాలు, అది అలాగే కళ్ళల్లో ఉండిపోతుంది. చుట్లు లెక్కపెడుతూనే మనతో కబుర్లు చెప్తాడు, లెక్క తప్పదు. డిప్లొమాలు చదివిన కుర్రాళ్ళు వాడి దగ్గర నేర్చుకోవడానికి వస్తారు. వాడి చేతిలో నేర్చుకుని వేరే ఊళ్ళలో షాపులు పెట్టుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ బోర్డుల మీద వాడి పేరు ఉండదు. అది వాడికి పట్టదు కూడా.

ఆ మధ్య వాట్సాప్‌లో మాట్లాడుకుంటూ రూడీ పుస్తకం సంగతి మళ్ళీ వచ్చింది. 'అన్నయ్యా, చదవడమే కష్టమైనవాడు అంత పుస్తకం ఎలా రాశాడు?' అని అడిగాడు. తను చెప్తుంటే ఇంకొకాయన కూర్చుని రాశాడని చెప్పాను. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత, 'అయితే నేనూ చెప్తా, నువ్వు రాస్తావా? మోటార్ల సంగతులు చాలా ఉన్నాయి నా దగ్గర. నేను పోతే ఈ కుర్రాళ్ళకి ఎవడు చెప్తాడు?' అన్నాడు.

అప్పటి నుంచి షాపు కట్టేశాక వాయిస్ మెసేజ్‌లు పంపుతున్నాడు. ఇక్కడ నాకు అది పొద్దున్న. కాఫీ పెట్టుకుని, చెవిలో వాడి గొంతు వింటూ టైప్ చేస్తున్నాను. మొదటిది కాలిన వాసనని బట్టి మోటారులో ఏం పోయిందో కనుక్కోవడం గురించి. వార్నిష్ మాడిన వాసన వేరు, పేపర్ మాడిన వాసన వేరు, బేరింగ్ పట్టేసి కాలితే వచ్చే వాసన వేరు అంటాడు. రెండోది వోల్టేజి తక్కువున్న ఊళ్ళ బావి మోటార్ల గురించి, ఆ ఊళ్ళ రైతులు అర్ధరాత్రి మూడు ఫేజుల కరెంటు కోసం కాచుకుని కూర్చోవడం గురించి. రాసినదంతా తిరిగి చదివి రికార్డు చేసి పంపుతాను, వాడు విని తప్పులు దిద్దుతాడు. మొన్న ఒక చోట నేను గేజి నంబరు తప్పు రాస్తే, 'ఆ తీగ పెడితే రెండో రోజే కాలిపోద్ది అన్నయ్యా, మార్చు' అన్నాడు. మార్చాను. ఇవాళ మూడోది వచ్చింది, ఇంకా వినాలి.